కస్టమ్ వ్యూలో సొంత బఫర్ పెట్టాలా? ఆండ్రాయిడ్ చేసే డబుల్ బఫరింగ్ చాలదా?

బలపం:
పిల్లలు వేలితో అక్షరాలు దిద్దే యాప్ చేస్తున్నాను. అందులో పలక ఒక కస్టమ్ వ్యూ, అంటే తెర మీద నా కోడే గీసే భాగం. వేలు వెళ్లిన దారిని పాత్‌లో (గీత ఆకారాన్ని దాచే ఆబ్జెక్ట్) దాచుకుని, ఆన్‌డ్రా (వ్యూని గీయడానికి ఆండ్రాయిడ్ పిలిచే ఫంక్షన్) వచ్చినప్పుడల్లా పాత్‌లన్నీ మొదటి నుంచి గీస్తున్నాను. 'అ' ఒక్కటి దిద్దితే హాయిగా ఉంది. మా పాప పలక నిండా గీసేసరికి, నూట యాభై గీతలు దాటాక వేలు ముందు, గీత వెనక అయింది. 2 జీబీ ర్యామ్ ఫోన్. ఆఫీసులో మా సీనియర్ ఆఫ్‌స్క్రీన్ బిట్‌మ్యాప్ (తెర మీద కాక మెమరీలో ఉండే బొమ్మ) పెట్టి డబుల్ బఫరింగ్ చెయ్యమన్నారు, అంటే ముందు అందులో గీసి తర్వాత తెర మీదకి తేవడం. పక్క సీటాయన అది ఆండ్రాయిడే చేస్తుంది, మెమరీ దండగ అన్నారు. ఎవరి మాట వినాలి?

గోరింటాకు:
పక్క సీటాయన మాటే నాదీ. యాప్ గీసేది వెనక బఫర్‌లో, అంటే తెర మీద ఇంకా కనిపించని మెమరీలో. పూర్తయిన బఫర్‌నే, తెర బొమ్మని కూర్చే ఆండ్రాయిడ్ భాగం సర్ఫేస్‌ఫ్లింగర్ తెరకు పంపుతుంది. 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చినప్పుడు మూడో బఫర్ కూడా చేరింది. సగం గీసిన బొమ్మ యూజర్‌కి కనిపించే అవకాశమే లేదు. ఇక ఖర్చు చూడండి. 1080×2400 తెరకి, పిక్సెల్‌కి 4 బైట్ల లెక్కన బిట్‌మ్యాప్ ఒక్కటే 10 ఎంబీ దాటుతుంది. పైగా వ్యూ ఇచ్చే కాన్వాస్ (గీయడానికి వాడే ఆబ్జెక్ట్) జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మీద నడుస్తుంది, సొంత బిట్‌మ్యాప్ మీద గీసేది సీపీయూ. అందులో ఏం మారినా దాన్ని మళ్లీ జీపీయూకి ఎక్కించాలి.

గోదారిగట్టు:
గోరింటాకు గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ ఆవిడ తెర మిణుకుతోందని అనలేదు, గీత వెనకబడుతోందని అన్నారు. ఈ రెండు జబ్బులకీ ఒకే పేరున్న మందు చెబుతుంటాం, గొడవంతా అక్కడే.

సిస్టమ్ బఫర్లు ఒక ఫ్రేమ్‌ని (తెర మీద ఒకసారి చూపే బొమ్మని) దాచి చూపిస్తాయి. కిందటి ఫ్రేమ్‌లో ఏం గీశారో మీ కోసం గుర్తుపెట్టుకోవు. వేలు ఒక మిల్లీమీటర్ కదిలితే ఇన్‌వాలిడేట్ (మళ్లీ గీయమని అడగడం), తర్వాతి ఫ్రేమ్‌లో ఆన్‌డ్రా, మళ్లీ నూట యాభై పాత్‌లూ మొదటి నుంచి. 60 హెర్ట్జ్ తెర మీద దీనికి ఉన్న టైమ్ 16.7 మిల్లీసెకన్లు, 120 హెర్ట్జ్ అయితే 8.3.

బలపం గారూ, ఇలా చేసి చూడండి. వేలు కదులుతున్నంతసేపూ బిట్‌మ్యాప్‌ని ముట్టుకోవద్దు. వేలు ఎత్తిన క్షణంలో ఆ ఒక్క గీతని బిట్‌మ్యాప్ మీద గీసి, పాత్ ఖాళీ చెయ్యండి. ఆన్‌డ్రాలో రెండే పనులు: బిట్‌మ్యాప్, దాని మీద ఇప్పుడు సాగుతున్న గీత. జీపీయూకి ఎక్కించడం గీతకి ఒక్కసారే జరుగుతుంది. గూగుల్ నమూనా కోడ్ ఏపీఐ డెమోస్‌లోని ఫింగర్‌పెయింట్ చేసేదీ ఇదే. రేపు చెరిపే బటన్ పెడతారు కదా, దానికీ ఇది కావాలి. పిక్సెళ్లని పారదర్శకం చేసే క్లియర్ మోడ్‌తో నేరుగా వ్యూ కాన్వాస్ మీద చెరిపితే నల్ల మచ్చ పడుతుంది. నేను ఒకరోజంతా ఆ మచ్చ వెనక తిరిగాను.

స్పీడోమీటర్ లాంటి వ్యూలో మాత్రం ఈ పని చెయ్యొద్దు. ముల్లు ప్రతి ఫ్రేమ్‌కీ కదులుతుంది, గీసేది కొంచెమే. దాచుకోవడానికి అక్కడ ఏముంది?

గోరింటాకు:
గీతకి ఒక్కసారే అన్నది ఒప్పుకుంటున్నాను. నేను ప్రతి కదలికకీ బిట్‌మ్యాప్ మారుతుందనుకున్నాను. కానీ బిట్‌మ్యాప్‌లో కలిసిన గీతని మళ్లీ విడదీయలేం. పిల్లల యాప్‌కి 'వెనక్కి' బటన్ ఉండాలి. దానికి గీతల జాబితా ఎలాగూ దాచాలి. అలాంటప్పుడు రెండు వ్యూలు పెట్టండి. కింది వ్యూలో పూర్తయిన గీతలు, దానికి సెట్‌లేయర్‌టైప్‌తో హార్డ్‌వేర్ లేయర్, అంటే గీసిన వ్యూని జీపీయూ మెమరీలో దాచే ఏర్పాటు. పై వ్యూలో సాగుతున్న గీత. మెమరీ అంతే పడుతుంది, కానీ గీసేది జీపీయూ. క్లియర్ మోడ్ కూడా అందులో సరిగా పనిచేస్తుంది.

గోదారిగట్టు:
మంచి దారే. ఒక్క చిక్కు: వేలు ఎత్తినప్పుడల్లా ఆ లేయర్ మొత్తం మళ్లీ గీయాలి. నూట యాభై ఒకటో గీత చేర్చడానికి నూట యాభై ఒకటీ గీయాలి. బిట్‌మ్యాప్‌లో ఒక్కటి చేరిస్తే చాలు. పిల్లలు పొట్టి పొట్టి గీతలు గబగబా గీస్తారు, అక్కడే కుదుపు వస్తుంది.

గోరింటాకు:
'వెనక్కి' నొక్కితే మీ బిట్‌మ్యాప్ కూడా మొత్తం మళ్లీ గీయాల్సిందేగా, అదీ సీపీయూతో. గీతలు తక్కువుండే యాప్ అయితే నేను లేయర్ వైపే.

బలపం:
రెండూ చేసి చూశాను. మా ఫోన్‌లో లేయర్ పద్ధతిలో వేలు ఎత్తి మళ్లీ పెట్టేటప్పుడు చిన్న కుదుపు తెలుస్తోంది. బిట్‌మ్యాప్‌తో గీత వేలి కిందే ఉంటోంది. 'వెనక్కి' కాస్త ఆలస్యమైనా పాప పట్టించుకోలేదు. బిట్‌మ్యాప్ ఉంచుతున్నాను. ఇంకోటి బయటపడింది. ఫోన్ అడ్డంగా తిప్పితే పలక ఖాళీ అవుతోంది. గీతల జాబితా వ్యూలోనే పెట్టాను, వ్యూతో పాటు అదీ పోతోంది. ఫోన్ తిప్పినా పోని వ్యూమోడల్‌లోకి మార్చి, వ్యూ సైజు మారినప్పుడు వచ్చే ఆన్‌సైజ్‌ఛేంజ్డ్‌లో కొత్త బిట్‌మ్యాప్ మీద మళ్లీ గీయిస్తాను. రాత్రికి అది అయ్యాక కోడ్ ఇక్కడే పెడతాను.