1,200 తెలుగు పుస్తకాలు, «ఇతరాలు» అర మాత్రం పొంగిపోతోంది: ఎలా వర్గీకరించాలి?

ప్రశ్న (ఊరి_గ్రంథాలయం)
అరలకు పెట్టిన పేర్లు ఇవి: నవలలు, కథలు, కవిత్వం, స్త్రీల రచనలు, పాత పుస్తకాలు, పిల్లలవి, భక్తి, ఇతరాలు. ఒక్కో పుస్తకం రెండు మూడు చోట్ల ఇముడుతోంది. తిరిగొచ్చిన పుస్తకాన్ని ఎవరికి తోచిన అరలో వాళ్లు పెట్టేస్తున్నారు. «ఇతరాలు» 300 దాటింది. ఇంత చిన్న గ్రంథాలయానికి, పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలిచ్చే డ్యూయీ పద్ధతి అవసరమా? మొల్ల రామాయణం భక్తిలోకా, కవిత్వంలోకా?

కేటలాగు_కార్డు
లోపం అరల పేర్లలోనే ఉందండీ. నవల, కథ, కవిత్వం రచనా రూపాలు. స్త్రీల రచనలు అంటే రాసిందెవరో చెప్పడం. పాతవి అంటే వయసు, పిల్లలవి అంటే చదివేవాళ్లు, భక్తి అంటే విషయం. ఐదు రకాల లక్షణాలు ఒకే వరసలో కూర్చున్నాయి. ఒక రచయిత్రి ఎప్పుడో పిల్లల కోసం రాసిన భక్తి కథలు ఏ అరలో పెట్టినా తప్పు కాదు, అదే చిక్కు.

ఒక మెట్టులో ఒకే లక్షణంతో విడగొట్టాలి. ఆ లక్షణం పుస్తకం చూడగానే తేలాలి, కాలంతో మారకూడదు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ సూత్రాల్లో ఈ రెండూ ఉన్నాయి. «పాతవి» రెండో పరీక్షలోనే పోతుంది: ఇవాళ్టి కొత్త పుస్తకం పదేళ్లకు అర మారాలి కదా.

మొదటి మెట్టు: సాహిత్యమా, విషయ గ్రంథమా? సాహిత్యాన్ని డ్యూయీ ముందు భాషతో, తర్వాత రూపంతో విడగొడతాడు. తెలుగు సాహిత్యం 894.827. దానికి 1 చేరిస్తే కవిత్వం, 2 నాటకం, 3 కథలు, నవలలు, 4 వ్యాసాలు. విషయ గ్రంథాలకు మీ స్థాయిలో మూడంకెలు చాలు: 610 వైద్యం, 630 వ్యవసాయం, 954 భారతదేశ చరిత్ర. వంటకు 641.5, జ్యోతిషానికి 133.5. మీ «ఇతరాలు»లో సగం ఇక్కడే సర్దుకుంటుంది. మిగిలినవాటిని విషయాన్ని బట్టి నేలమీద కుప్పలు వేసి, ఒక్కో కుప్పకు ఒక్కో నంబరు వెతకండి.

అర_కొలత
నంబర్ల సంగతి ఒప్పుకుంటాను గానీ, తెలుగు పుస్తకాలే ఉన్నచోట ప్రతి నవల వెన్ను మీదా 894.8273 అంటించడం వృథా. సన్నటి పుస్తకాల మీద చీటీయే పట్టదు. సాహిత్యానికి క, నా, న, వ్యా అని అక్షరాలు పెట్టుకోండి, రిజిస్టరులో మాత్రం పూర్తి నంబరు రాయండి. కింద రచయిత పేరులో మొదటి రెండక్షరాలు. ఇంటిపేరా, కలంపేరా అన్నది ముందే తేల్చుకోవాలి. శ్రీశ్రీని ఒకరు «శ్రీశ్రీ» కింద, మరొకరు «శ్రీరంగం» కింద పెడితే ఆయన పుస్తకాలు రెండు చోట్ల చేరతాయి. జనం వాడే పేరే ఉంచి, రెండో పేరు దగ్గర «శ్రీశ్రీ చూడండి» అని రాయండి.

నంబరు ముందు పెన్సిల్‌తో, పేరుపేజీ వెనక. అర మొత్తం సరిచూశాకే వెన్ను మీద చీటీ. ప్రతి అరలో మూడో వంతు ఖాళీ వదలండి, లేకపోతే కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా వరస అంతా జరపాలి.

కేటలాగు_కార్డు
మొల్ల రామాయణం కావ్యం, కాబట్టి కవిత్వమే. తాత్పర్యంతో ఉన్న వాల్మీకి మూలమైతే మత గ్రంథాల్లో రామాయణానికిచ్చిన 294.5922. వేమన పద్యాల్లో నీతి ఉంది కదా అని నీతిశాస్త్రం నంబరు 170లోకి తీసుకెళ్లకండి, అవీ కవిత్వమే. ఇలాంటి తీర్పులకు ఒక నోటుపుస్తకం పెట్టండి. మనుషులు మారినా తీర్పు మారకూడదు.

ఊరి_గ్రంథాలయం
మరి స్త్రీల రచనలు, పిల్లల పుస్తకాలు? చాలామంది అడిగేవి అవే.

అర_కొలత
పిల్లలవి వేరే బీరువాలో పెట్టి, నంబరు ముందు «పి» చేర్చండి. అది వర్గం కాదు, ఉండే చోటు. స్త్రీల రచనలకు రిజిస్టరులో ఒక గడి చాలు. పుస్తకం అరలో ఒక్కచోటే ఉండగలదు, రిజిస్టరులో ఎన్ని గడుల్లోనైనా కనిపిస్తుంది. ఒకే పుస్తకాన్ని పలు ముఖాలుగా చూడటమన్నది 1933లో రంగనాథన్ తెచ్చిన కోలన్ వర్గీకరణకు పునాది. కంప్యూటర్లో పెడితే వడపోత నిమిషం పని.

ఇంకొకటి: 641.35 ముందు, 641.5 తర్వాత. 35 పెద్దది కదా అని తిప్పి పెట్టేవాళ్లే ఎక్కువ. చుక్క తర్వాత అంకెలను ఒక్కొక్కటిగా పోల్చాలని బీరువా తలుపు మీద అంటించండి.