కామాటిపురలో మనోళ్లు ఉండేవాళ్లా?

ప్రశ్న: మా తాత బొంబాయి కామాటిపురలో తాపీ పని చేసిండట. అది పడుపు దందా బస్తీ అని పేరుంది కదా, ఆ పేరెత్తితే ఇంట్ల అందరూ గప్‌చుప్. అక్కడ సంసారులు ఉండేవాళ్లా?

జవాబు: ఎందుకుండరు? నేను పుట్టిందే అక్కడ. నిజాం ఇలాకా నుంచి పోయిన మన కూలోళ్లు, మేస్త్రీలే ఆ బస్తీకి మూలం. దందా తర్వాత పెరిగింది. మా మెట్ల కింది గదిల నేపాలీ అక్క ఉండేది. బతుకమ్మకు తంగేడు దొరకకపోతే బంతిపూలు తెచ్చిచ్చేది. ఆడనీకి రమ్మంటే మాత్రం తలుపేసుకునేది. అమ్మ ఊకునేదా, సత్తుపిండి పంపేది. సిగ్గుపడాల్సింది మీ తాత కాదు తమ్మీ.

ఇంకొకరి ప్రశ్న: సఫేద్ (తెల్ల) గల్లీ అక్కడిదేనా?

జవాబు: అవును, షుక్లాజీ స్ట్రీట్. తెల్లదొరల కాలంల యూరప్ ఆడోళ్లను పెట్టిన గల్లీ.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా. నాన్నకు చదివి వినిపిస్తా.