విలేకరులకు కవర్లు ఇవ్వాలా, వద్దా?

లంక_కొబ్బరి:
మాది అంబాజీపేట దగ్గర కొబ్బరి రైతుల సంఘం. డ్రెయిన్‌లో పూడిక తీయించమని అడగడానికి వచ్చే నెల అమలాపురంలో ప్రెస్‌మీట్ పెడుతున్నాం. వచ్చిన ప్రతి విలేకరికీ కవర్లో 500 పెట్టి ఇవ్వాలని కార్యవర్గంలో సగం మంది, టీ టిఫినుతో సరిపెట్టాలని మిగతా సగం. మీ దగ్గర ఏం చేస్తున్నారు?

గట్టుమీద_రైతు:
ఇవ్వాలండి. ఇందులో ఆలోచించేదేముంది? మండల విలేకరికి జీతం ఉండదు. రాసిన దాన్ని బట్టి ఏదో కొంత వస్తుంది, అది పెట్రోలుకే చాలదు. పైగా దసరాకీ సంక్రాంతికీ యాడ్లు తెమ్మని పైనుంచి టార్గెట్లు. ఎండలో మన కోసం వచ్చినవాడికి 500 ఇస్తే అది లంచమా? పెళ్ళికొచ్చిన వాడికి తాంబూలం ఇవ్వమా?

మాజీ_డెస్క్:
రాజమండ్రిలో జిల్లా పేజీ డెస్క్‌లో చాలా ఏళ్ళు చేశాను. విలేకరి కవర్ తీసుకున్నాడా లేదా అన్నది డెస్క్‌కి తెలియదు. అక్కడ కనిపించేది కాపీ ఒక్కటే. "పూడిక తీయాలని రైతుల డిమాండ్" అని వస్తే నాలుగు లైన్లకు కుదించేస్తాం. ఏ డ్రెయిన్, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పూడింది, ఎన్ని ఎకరాల్లో నీళ్ళు నిలిచాయి, ఏ అధికారికి ఎప్పుడు అర్జీ ఇచ్చారు, ఆయన ఏమన్నారు, ఇవన్నీ ఉంటే కోయడానికి చెయ్యి రాదు. శాలువాల ఫొటో వద్దు. గుర్రపుడెక్క నిండిన కాలువలో రైతు నడుంలోతున నిలబడ్డ ఫొటో ఇవ్వండి. ప్రెస్‌మీట్ పొద్దున్నే పెట్టండి. సాయంత్రం ఆరింటికి పెడితే పేజీలో చోటుండదు.

2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని ఖరీఫ్ వదిలేశారు. దేశమంతా రాసింది, ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. అప్పుడు ఎవరికి ఎన్ని కవర్లు ఇచ్చారు?

గోదారి_గాలి:
టిఫిన్ ఏం పెడుతున్నారో చెప్పండి, నేనూ వస్తాను.

గట్టుమీద_రైతు:
మేష్టారూ, ఏటా క్రాప్ హాలిడే ప్రకటించమంటారా? 500 దగ్గరే ఆగుదాం. ఇస్తే తప్పేంటో చెప్పండి.

మాజీ_డెస్క్:
విలేకరి డబ్బూ కానుకలూ తీసుకోకూడదని పత్రికల నడతను చూసే ప్రెస్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. ఇవాళ మీరు 500 ఇస్తారు, రేపు చేపల, రొయ్యల చెరువుల వాళ్ళు 5,000 ఇస్తారు. అప్పుడు మీ డ్రెయిన్ వార్త ఎక్కడికి పోతుంది?

పూతరేకుల_అక్క:
మాది ఆత్రేయపురం. 2023లో పూతరేకులకు జీఐ గుర్తింపు (ఇవి ఈ ఊరివే అన్న ముద్ర) వచ్చాక పండగ పండక్కీ కెమెరాలు వాటంతటవే వస్తున్నాయి. అదే కుండ, అదే రేకు, అదే ఫొటో. కుండ సెగకి చేతులు కాలే ఆడవాళ్ళ కూలి గురించి రాయమంటే మాత్రం "చూద్దామండి" అంటారు. కవర్ ఇచ్చినా ఇవ్వకపోయినా వాళ్ళకి కావలసిందే రాస్తారు.

గట్టుమీద_రైతు:
అక్కా, వాళ్ళు రాయకపోతే మీకు పోయేదేం లేదు. రాస్తే పోయేది మాకు! పోయినేడు మా సంఘంలో ఎరువుల బస్తాలు తేడా వచ్చాయని సగం పేజీ వేశారు. మా అమ్మాయి పెళ్ళిచూపుల రోజే. వచ్చినవాళ్ళు పేపరు చేతిలో పట్టుకునే కూర్చున్నారు. టీ టిఫినుతో సరిపెట్టిన ఫలితం అది.

మాజీ_డెస్క్:
విలేకరి ఫోన్ చేస్తే మాట్లాడారా?

గట్టుమీద_రైతు:
ఆ టెన్షన్లో ఎవడు మాట్లాడతాడు? స్విచ్చాఫ్ చేశాను.

మాజీ_డెస్క్:
"కార్యదర్శి అందుబాటులోకి రాలేదు" అని రాయక మరేం రాస్తారు? స్టాకు రిజిస్టరు తీసి చూపిస్తే మీ మాట కూడా అదే వార్తలో పడేది. వార్త తప్పైతే ఎడిటర్‌కి వివరణ పంపాలి. అప్పటికీ వెయ్యకపోతే దినపత్రిక మీద రెండు నెలల్లోపు ప్రెస్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు. మీరు కవర్ ఇస్తానంటున్నది వార్త రావడానికి కాదు, రాకుండా ఉండటానికి. ఆ ముక్క ముందే చెప్పాల్సింది.

గట్టుమీద_రైతు:
అవును, రాకుండా ఉండటానికే! ఉద్యోగం చేసి దిగిపోయిన మీకేం తెలుస్తుంది? సంఘం నడిపేవాడికి పరువు ముఖ్యం.

గోదారి_గాలి:
ఇంతకీ బస్తాలు దొరికాయా?

లంక_కొబ్బరి:
మా కార్యవర్గంలో గొడవ దేనికో ఇప్పుడు అర్థమైంది. కవర్ ఇవ్వాలంటున్న వాళ్ళంతా రెండేళ్ళుగా కాయల కొనుగోలు లెక్కలు చూస్తున్నవాళ్ళే. వద్దంటున్న వాళ్ళు ఆ లెక్కలు అడుగుతున్నవాళ్ళు. ప్రెస్‌మీట్లో డ్రెయిన్ గురించి చెబుతుంటే ఎవరైనా లెక్కలు అడుగుతారేమోనని వీళ్ళ భయం.

పూతరేకుల_అక్క:
అయితే ముందు లెక్కలు చూడండి బాబూ. ప్రెస్‌మీట్ పది రోజులు ఆగినా ఫరవాలేదు.

గట్టుమీద_రైతు:
ఆగితే వానలొస్తాయి, పూడిక ఎవరు తీస్తారు? పెట్టెయ్యండి. లెక్కలు అడిగితే ఆడిట్‌లో ఉన్నాయని చెప్పండి.

మాజీ_డెస్క్:
ఉన్నాయా?

లంక_కొబ్బరి:
లేవండి.