ఆస్పరాగస్: కొన్ని మొక్కలకే కాయలెందుకు?

జయనగర్ మేడతోట:
విత్తనాల నుంచి పెంచిన ఆస్పరాగస్ (లేత మొలకలను కూరగా తినే మొక్క) మా బెంగళూరు మేడమీద నడుమెత్తు పెరిగింది. కొన్నిటినిండా ఎర్రటి కాయలు. పక్క తొట్టెలవి పూస్తాయి కానీ ఒక్క కాయా లేదు. ఎండ, ఎరువు అన్నిటికీ ఒకటే. అమ్మ కడప నుంచి తెచ్చిన పిల్లిపీచర, అదే శతావరి, దీనికి దగ్గరి చుట్టమే కదా! మరి దానిలో ఈ తేడా లేదేమిటి?

వృక్షశాస్త్రం మాస్టారు:
మీ మొక్కలకు ఏ జబ్బూ లేదండీ. కాయనివి మగ మొక్కలు. శతావరి పువ్వులో పుప్పొడినిచ్చే కేసరాలు, కాయగా మారే అండాశయం రెండూ పనిచేస్తాయి. కూర ఆస్పరాగస్‌లో మగ, ఆడ మొక్కలు వేరు. మనుషుల్లోలాగే క్రోమోజోముల్లో మగ మొక్కకు ఎక్స్‌వై, ఆడదానికి ఎక్స్‌ఎక్స్. 2017లో ఈ మొక్క జన్యుపటం వెలువడినప్పుడు వై క్రోమోజోము మీద రెండు జన్యువులు తేలాయి. ఒకటి అండాశయాన్ని ఎదగనివ్వదు, రెండోది పుప్పొడి తయారీకి తప్పనిసరి. లింగభేదం రెండు జన్యువులతో మొదలవుతుందని శాస్త్రజ్ఞులు ఎంతోకాలంగా ఊహించినదానికి ఇంత చక్కని సాక్ష్యం దొరకడం నాకెప్పుడూ అబ్బురమే!

హోసూరు రోడ్డు రైతు:
కాయలకు బలం ఖర్చుచేయదు కాబట్టి మగ మొక్కే ఎక్కువ మొలకలిస్తుంది. రెండూ వై క్రోమోజోములే ఉన్న (వైవై) మగమొక్కతో ఆడమొక్కను సంకరపరిస్తే సంతానమంతా మగవే. విత్తన కంపెనీలు అమ్మే ‘అన్నీ మగ’ రకాలకు మూలం అదే.

జయనగర్ మేడతోట:
ధన్యవాదాలండీ. అయితే ఆడ మొక్కలు తీసేయాలా?

వృక్షశాస్త్రం మాస్టారు:
వద్దు, వాటి మొలకలూ తినవచ్చు. ఎర్రకాయలు మాత్రం విషం, పిల్లలకు అందనివ్వకండి.