ఎకనామిక్స్ ఒలింపియాడ్‌కు మా చెల్లెను పంపొచ్చా? (ఎంఈసీ ఫస్టియర్, హన్మకొండ)

ప్రశ్న, పరకాల నుంచి:
అందరికీ నమస్తే. మా చెల్లె హన్మకొండలో ఎంఈసీ చదువుతోంది. ఇంటర్నేషనల్ ఎకనామిక్స్ ఒలింపియాడ్ అని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ఫీజు కడితే నేరుగా విదేశంలో ఫైనల్‌కే తీసుకుపోతారట. నిజంగా ఉందా ఇలాంటిది? పదో తరగతి దాకా తెలుగు మీడియం, అదొక టెన్షన్. కాలేజీలో అడిగితే ముందు ఇంటర్ మార్కులు చూసుకోమన్నారు.

జవాబు, ఎకనామిక్స్ లెక్చరర్, కాజీపేట:
తమ్ముడూ, పోటీ నిజమే. మెసేజ్ మీదనే నాకు అనుమానం. ఈ ఒలింపియాడ్ 2018లో మాస్కోలో మొదలైంది, 2023లో గ్రీస్‌లో, 2024లో హాంకాంగ్‌లో జరిగింది. దేశం తరఫున ఐదుగురి జట్టు వెళ్తుంది. ఆ ఐదుగురిని ఎంచేది దేశంలో జరిగే వడపోతలోనే. డబ్బు కట్టి నేరుగా ఫైనల్‌కు పోయే దారి లేదు. ఒలింపియాడ్ సొంత సైట్ చూసి, మన దేశంలో ఎంపిక ఎవరు చేస్తున్నారో తెలుసుకున్నాకే ఎవరికైనా ఫీజు కట్టండి.

అక్కడ మూడు అంశాలుంటాయి: ఎకనామిక్స్ పరీక్ష, కంప్యూటర్ మీద డబ్బు నిర్వహణ ఆట, జట్టుగా ఒక వ్యాపార సమస్యకు పరిష్కారం చెప్పడం. బట్టీ చదువు పరీక్షలోనే కొంత పనికొస్తుంది, మిగతా రెండింటికీ అక్కరకు రాదు.

అందుకే పాపను ఒకసారి వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు తీసుకుపోండి. పత్తికి మద్దతు ధర ఉంది, 2025-26లో పొడవు పింజకు క్వింటాలుకు 8,110 రూపాయలు. మిర్చికి అది లేదు. సరుకు ఒక్కసారిగా వచ్చి పడితే మిర్చి ధర ఎందుకు అంతగా జారుతుంది? కొందరు రైతులు కోల్డ్ స్టోరేజీలో ఎందుకు పెడతారు, అప్పున్నవాళ్లు ఎందుకు పెట్టలేరు? పత్తికి మద్దతు ధర ఉన్నా కొందరు ప్రైవేటు వ్యాపారికి తక్కువకే ఎందుకు అమ్ముతారు? మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ కొనుగోలులో తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే కొనరు. ఇవన్నీ తన మాటల్లో రెండు పేజీలు రాయగలిగితే డిమాండ్, సప్లయ్, వ్యాకోచత్వం (ధర మారితే డిమాండ్, సప్లయ్ ఎంత మారతాయన్నది) సగం వచ్చినట్టే. నా క్లాసులో పాఠం కంటే ఈ ప్రశ్నలకే పిల్లలు ఎక్కువ గొడవపడతారు.

జవాబు, కరీంనగర్ నుంచి:
సార్ చెప్పింది కరెక్టే, కానీ ఒలింపియాడ్ ఒక్కటే పట్టుకోవద్దు అన్నా. అమెరికాలోని వార్టన్ స్కూల్ హైస్కూల్ పిల్లలకు (అక్కడి లెక్కలో ఇంటర్ కూడా హైస్కూలే) పెట్టుబడి పోటీ నడుపుతుంది, ఫీజు లేదు. నలుగురి నుంచి ఏడుగురి జట్టు, వెంట ఒక టీచర్ ఉండాలి. మన దగ్గర కష్టమల్లా ఆ టీచర్ దొరకడమే. చిన్న తరగతుల తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే ఎన్‌సీఎఫ్‌ఈ (జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం) వాళ్ల ఆర్థిక అక్షరాస్యత పరీక్ష చూడండి, ఆరు నుంచి పన్నెండు దాకా రాయొచ్చు.

పరకాల:
థాంక్స్ సార్, థాంక్స్ అన్నా. గెలిస్తే డిగ్రీ సీటుకు ఏమైనా కలిసొస్తుందా?

లెక్చరర్:
ఢిల్లీ యూనివర్సిటీలో డిగ్రీ సీట్లు సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష స్కోరుతో ఇస్తారు, ఈ సర్టిఫికెట్‌కు మార్కులు కలపరు. సీఏ వైపు పోతే మాత్రం చదివింది వృథా కాదు, దాని మొదటి మెట్టు ఫౌండేషన్‌ పరీక్షలో నాలుగో పేపర్ బిజినెస్ ఎకనామిక్స్, 100 మార్కులు. ఇంగ్లిష్ సంగతి: ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు పుస్తకాలు నెట్‌లో ఉచితం. తెలుగు అకాడమీ పుస్తకం పక్కన పెట్టుకుని, ఒకే పాఠం రెండింటిలో చదవమనండి. ముందు తెలుగులో అర్థం కానివ్వండి, తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పించండి. ఆ మెసేజ్ పంపినవాళ్లకు మాత్రం ఇప్పుడే ఏమీ కట్టకండి.