క్లచ్ పైన పట్టుకుంటోంది: కేబుల్ అడ్జస్ట్‌మెంటా, ప్లేట్ మార్చడమా?

నాలుగో గేరు
పాత ఆల్టో, కేబుల్ క్లచ్, 62,000 కి.మీ. పెడల్ దాదాపు పూర్తిగా వదిలితే గానీ బండి కదలట్లేదు. ఒక మెకానిక్ కేబుల్ సాగింది, బిగిస్తే చాలంటున్నాడు. ఇంకొకాయన క్లచ్ సెట్టు (ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్) మొత్తం మార్చాలంటున్నాడు. ఏది కరెక్టండీ?

పానా 12
బిగించనివ్వకండి. కేబుల్ సాగితే ఫ్రీ ప్లే, అంటే బరువు తగలకముందు పెడల్ ఉత్తినే దిగే దూరం, పెరుగుతుంది, క్లచ్ నేల దగ్గరికొచ్చాక విడుతుంది, రివర్స్ వేస్తే గర్రుమంటుంది. మీది పైకెక్కింది, అంటే వ్యవహారం పూర్తిగా తిరగబడింది. ఇప్పుడు కేబుల్ నట్ బిగిస్తే మిగిలిన కాస్త ప్లే కూడా పోతుంది.

ముందు కొలవండి. ఇంజిన్ ఆపి, పెడల్ కింద మ్యాట్ తీసేసి, స్కేలును నేల మీద నిలబెట్టి పెడల్ రబ్బరు పక్కన పెట్టండి. కాలితో తెలియదు, చేత్తో నొక్కాలి. మొదట ఉత్తినే దిగుతుంది, తర్వాత ఒకచోట బరువు తగులుతుంది. నొక్కకముందు ఎత్తు, బరువు తగిలినచోట ఎత్తు, ఈ రెండు రీడింగుల తేడాయే ఫ్రీ ప్లే. ఈ తరహా కేబుల్ బండ్లకు 15 నుంచి 25 మి.మీ. మధ్య ఉండాలి. మీ బండి మాన్యువల్‌లో అంకె వేరేగా ఉంటే దాన్నే పట్టుకోండి.

సున్నా ప్లే
ఈ ఫ్రీ ప్లే గోల పాతకాలం మాట. కేబుల్ బదులు ఫ్లూయిడ్‌తో పనిచేసే ఇప్పటి హైడ్రాలిక్ బండ్లు చాలావాటిలో, క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ను ఇంజిన్ ఫ్లైవీల్‌కు అదిమి పట్టేది) స్ప్రింగ్ వేళ్ళను తాకుతూనే ఉంటుంది. వాటికేం కాలేదుగా? ప్లే తీసేస్తే గేర్లు మెత్తగా పడతాయి.

పానా 12
వాటికి ఏం కాకపోవడానికి కారణం ఉంది బ్రదర్. ప్లేట్ అరిగితే ప్రెషర్ ప్లేట్ ఫ్లైవీల్ వైపు జరుగుతుంది, దాని స్ప్రింగ్ వేళ్ళు వెనక్కి, అంటే బేరింగ్ వైపు లేస్తాయి. అదీ సమానంగా కాదు. ప్లేట్ మీది లైనింగ్ 1 మి.మీ. అరిగితే వేళ్ళ కొసలు సుమారు 3 మి.మీ. జరుగుతాయి. హైడ్రాలిక్‌లో ఆ కదలికకు, గేర్‌బాక్స్ దగ్గరుండే స్లేవ్ సిలిండర్ పిస్టన్ వెనక్కి తగ్గి, ఫ్లూయిడ్‌ను రిజర్వాయర్‌లోకి పంపేస్తుంది. బేరింగ్ కూడా నిరంతరం తిరిగేందుకే చేసింది. మామూలు కేబుల్‌కు ఆ సర్దుబాటు ఎక్కడిది? ప్లే అయిపోయాక వేళ్ళు లేవబోతే కేబుల్ లాగి పట్టుకుంటుంది. రోజంతా పెడల్ మీద కాలు పెట్టి నడిపినట్టే. ప్లేట్ మీద పట్టు తగ్గుతుంది, స్లిప్ (ఇంజిన్ తిరుగుతున్నా ప్లేట్ జారడం) మొదలవుతుంది, వేడెక్కి ఇంకా తొందరగా అరుగుతుంది.

డాట్ ఫోర్
హైడ్రాలిక్‌కు ప్లే అక్కర్లేదనేది కూడా సగం నిజమే. పెడల్ వెనక, ఫ్లూయిడ్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌లోకి వెళ్ళే పుష్‌రాడ్ కొసకు కొద్దిపాటి ఖాళీ ఉండాలి. ఎవరైనా లాక్ నట్ వదిలి రాడ్‌ను అతిగా పొడుగు చేస్తే, లోపలి పిస్టన్ రిజర్వాయర్‌కు వెళ్ళే చిన్న రంధ్రాన్ని మూసేస్తుంది. ఫ్లూయిడ్ వేడెక్కి వ్యాకోచిస్తే పోయే దారి ఉండదు, క్లచ్‌ను తనే నొక్కేస్తుంది. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో స్లిప్ అవుతుంది, చల్లారాక మళ్ళీ మామూలే. ఇది తెలియక బాగున్న ప్లేట్లు మార్చేస్తుంటారు.

సున్నా ప్లే
సరే, కేబుల్ బండి వరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ప్లే తగ్గింది కాబట్టి ప్లేట్ అయిపోయిందనడం కూడా తొందరపాటే. గత సర్వీసులో ఎవరో బిగించి వదిలేసి ఉండొచ్చు. గేర్‌బాక్స్ దించకుండా ప్లేట్ మందం కనపడదు కదా!

పానా 12
అది ఒప్పుకోవాల్సిందే. అందుకే స్లిప్ టెస్ట్. ఖాళీ రోడ్డు మీద, నాలుగో గేరులో, 40 కి.మీ. వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. ఇంజిన్ మోత పైకి లేచి వేగం అక్కడే ఉంటే స్లిప్ అవుతున్నట్టే. హ్యాండ్‌బ్రేక్ వేసి మూడో గేరులో క్లచ్ వదిలే పరీక్ష కూడా ఉంది, ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. అది ఒక్కసారి చేస్తే చాలు, పదే పదే చేస్తే ఆ పరీక్షే ప్లేట్‌ను కాలుస్తుంది.

నాలుగో గేరు
కొలిచాను. ప్లే 6 మి.మీ. నాలుగో గేరులో స్లిప్ లేదు. కేబుల్ కొసన నట్ ఇంకా వదులు చేయడానికి మర ఉంది.

పానా 12
అయితే ఇప్పుడే దించక్కర్లేదు. గేర్‌బాక్స్ మీద రిలీజ్ లివర్ దగ్గరున్న ఆ నట్‌ను కొద్దికొద్దిగా వదులు చేయండి. ప్రతిసారీ పెడల్ నాలుగైదు సార్లు నొక్కి వదిలి, కేబుల్ కుదురుకున్నాక కొలవండి. 20 మి.మీ. దగ్గర ఆపండి. లివర్‌ను చేత్తో కదిపితే కాస్త ఆడాలి. అక్కడే కేబుల్ కొసన తీగలు ఒక్కటి విడిపోయి కనిపించినా కేబుల్ కొత్తది వేసేయండి.

తర్వాత ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, క్లచ్ పూర్తిగా నొక్కి మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. గర్రుమంటే క్లచ్ పూర్తిగా విడట్లేదు. ప్లే ఎక్కువై ఉండొచ్చు, లేదా పెడల్ ఇరుసు దగ్గరి బుష్ అరిగి నొక్కుడంతా అక్కడే పోతుండొచ్చు. మ్యాట్ మీద మ్యాట్ వేసినా ఇదే తంతు, పెడల్ చివరిదాకా వెళ్ళదు.

డాట్ ఫోర్
ఈ రోజు రీడింగూ, ఓడోమీటర్ అంకే రాసి పెట్టుకోండి. 2,000 కి.మీ. లోపే 20 కాస్తా 10కి పడిపోయినా, నట్ పూర్తిగా వదిలినా ప్లే రాకపోయినా ఇక ప్లేట్‌దే వంతు.

సున్నా ప్లే
ఆ రోజు వచ్చినప్పుడు ప్లేట్ ఒక్కటే మార్చి పాత బేరింగే వేస్తామంటే ఒప్పుకోకండి. లేబర్ పోయేది గేర్‌బాక్స్ దించి ఎక్కించడానికే. నెలకే బేరింగ్ కీచుమంటే ఆ డబ్బు మళ్ళీ కట్టాలి.