పాత డీఏసీ తీసేసి కొత్తది కొనడం అవసరమా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా ఇంటి స్టీరియోలో సీడీ ప్లేయర్ నుంచి ఆప్టికల్ కేబుల్ ద్వారా వచ్చే డిజిటల్ సంకేతాన్ని, 2012లో కొన్న డీఏసీ అనలాగ్‌గా మార్చి యాంప్లిఫయర్‌కు అందిస్తోంది. నేను ఎక్కువగా వినేవి కర్ణాటక కచేరీలు, ఘంటసాల పాటలు. వయొలిన్ తారస్థాయికి వెళ్లినప్పుడు చెవిలో గుచ్చుకున్నట్టు, మృదంగం తొప్పి (మంద్రంగా మోగే ఎడమ ముఖం) నాదం ఉబ్బి గదంతా కమ్మేసినట్టు ఉంటోంది. డీఏసీ పాతబడిందని, 40,000 రూపాయల కొత్తది పెడితే రెండూ సర్దుకుంటాయని దుకాణదారు అంటున్నారు. గది పొడవు 12 అడుగులు, నేల పాలరాయి, స్పీకర్లు రెండు మూలల్లో ఉన్నాయి. అంత ఖర్చుకు తగిన మార్పు వినిపిస్తుందా?

మొదటి జవాబు:
మీరు చెప్పిన రెండు లక్షణాలకూ డీఏసీ కారణమని నేను అనుకోను. సరిగా పనిచేస్తున్న డీఏసీ 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు అన్ని పౌనఃపున్యాలనూ దాదాపు ఒకే బలంతో పంపుతుంది. స్పీకరును గదిలో పెట్టాక మాత్రం మంద్ర స్వరాల దగ్గర 10 డెసిబెల్‌ల హెచ్చుతగ్గులు రావడం మామూలే. ఇక సీడీలోని 16 బిట్లకు, అతి మెల్లని ధ్వని నుంచి అతి బిగ్గరైన ధ్వని వరకు, సుమారు 96 డెసిబెల్‌ల వ్యాప్తి ఉంటుంది. ఘంటసాల గారు 1974లోనే కన్నుమూశారు, అంటే ఆయన పాటలన్నీ అనలాగ్ కాలపు రికార్డింగులే. ఆనాటి టేపుల హోరు, డీఏసీ సొంత రొద కంటే ఎన్నో రెట్లు పెద్దది. 24 బిట్ల పరికరం ఆ పాటల్లో లేని వివరాన్ని సృష్టించలేదు.

రెండో జవాబు:
ముందు ఆ మూలల సంగతి చూడండి. 12 అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ వద్ద, మళ్లీ దాని రెట్టింపు 94 హెర్ట్జ్ వద్ద ధ్వని అటూ ఇటూ తిరిగి తనలో తానే కలిసి బలపడుతుంది. మూలలో పెట్టిన స్పీకరు దాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. తొప్పి ఉబ్బినట్టు వినిపించడానికి బహుశా ఇదే కారణం. స్పీకర్లను గోడలకు రెండు మూడు అడుగులు ఎడంగా జరపండి, మీ కుర్చీని వెనుక గోడకు ఆనించకండి. స్పీకర్లకూ మీకూ మధ్య మందపాటి తివాచీ పరిస్తే వయొలిన్ పదును కూడా కొంత తగ్గుతుంది, ఎందుకంటే పాలరాయి నేల తారస్థాయి స్వరాలను దాదాపు పూర్తిగా తిప్పికొడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
స్పీకర్లను జరిపాను, తొప్పి నాదం స్పష్టంగా విడివడింది. తివాచీ ఇంకా కొనలేదు. అయినా దుకాణంలో కొత్త డీఏసీ విన్నప్పుడు అది మెరుగ్గానే అనిపించింది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

మూడో జవాబు:
డీఏసీ మార్చడానికి సరైన కారణాలు లేకపోలేదు. కంప్యూటర్ కలపడానికి యూఎస్‌బీ కావాలన్నా, పాతదాని నుంచి హమ్ లేదా చిటపటలు వస్తున్నా మార్చవచ్చు. దుకాణంలో విన్న మెరుగును మాత్రం వెంటనే నమ్మకండి. 2 వోల్టులకు బదులు 2.5 వోల్టులు ఇచ్చే డీఏసీ దాదాపు 2 డెసిబెల్‌లు బిగ్గరగా ఉంటుంది, ఆ కాస్త తేడానే చెవి నాణ్యతగా తీసుకుంటుంది. వీలైతే దాన్ని కొన్నాళ్లు ఇంటికి తెచ్చుకోండి. రెండు డీఏసీలతోనూ 400 హెర్ట్జ్ పరీక్షా ధ్వనిని తక్కువ శబ్దంతో మోగించి, స్పీకరు టెర్మినళ్ల వద్ద మల్టీమీటరుతో ఏసీ వోల్టేజీ కొలిచి, తేడా ఒక శాతానికి మించకుండా వాల్యూమ్ సరిచేయండి. తర్వాత ఏది మోగుతోందో మీకు చెప్పకుండా ఇంట్లోవారిని మార్చమనండి. కొలిచేటప్పుడు మీటరు కొనలు రెండూ ఒకదానికొకటి తగలనివ్వకండి, యాంప్లిఫయర్ దెబ్బతినవచ్చు.